ఖండిత చిత్రములు - పరిష్కర్తల బాధ్యత

జపాన్ దేశమున, క్యోటో నగరములోని స్టూడియోలో, జపాన్ నటీనటులతో ఆ దేశపు దర్శకుడే తీసిన చిత్రమొకటి ఆ దేశమున కడుగబడలేదు. ముడి ఫిల్ము ఫ్రాన్సునుండి వచ్చినది. చిత్రణము ముగిసిన ఫిల్ము చుట్టలు కడుగకయే మరల ఫ్రాన్సునకు పోయినవి. కడుగుటయు, ముక్కలు కూర్చుటయు అచ్చటనే జరిగినవి. ఇందుకు కారణము యంత్రసామగ్రి లేకపోవుట కాదు, చట్టము. 1907 నాటి జపాన్ శిక్షాస్మృతి 175వ విభాగము అశ్లీలమని తోచిన రచనలను, చిత్తరువులను పంచుట, అమ్ముట, ప్రదర్శించుట నేరమని విధించినది. ఆ ఫిల్మును జపానులో కడిగియుండినచో వెలుగు చూచిన నాడే చట్టమునకు చిక్కియుండెడిది. నిర్మాత అనటోల్ డోమన్ ఫ్రాన్సు దేశమువాడు. 1976లో వెలువడిన ఆ చిత్రమే ఓషిమా నగీసా తీసిన ‘ఆయ్ నో కొరీడా’. ‘వలపు అను వృషభయుద్ధము’ అని ఆ పేరునకు తాత్పర్యము. ఐరోపా భాషలలో అది ‘ఇంద్రియముల సామ్రాజ్యము’ అను పేరున ప్రసిద్ధికెక్కినది.

ఆ చిత్రమునకు పరదేశములలో దొరికిన స్వాగతము సైతము సుఖమైనది కాదు. కాన్ ఉత్సవమున ప్రదర్శన జరిగినది గాని బెర్లినులో పోలీసులు ప్రతిని స్వాధీనపరచుకొనిరి. న్యూయార్కు ఉత్సవమునకు వచ్చిన ప్రతిని అమెరికా సుంకశాఖవారు అడ్డగించిరి. స్వదేశమునకు అది విదేశపు సరకువలె తిరిగి వచ్చి, కోతలకును మసకపూతకును లోనై, ఆ యేడే ప్రజల కంటబడెను. అట్టి చిత్రము 2009లో అమెరికాలోని క్రైటీరియన్ సంస్థ వెలువరించిన బ్లూ-రే డిస్కుగా, టోనీ రేన్స్ వ్యాఖ్యానముతోను, డోనల్డ్ రిచీ వ్యాసముతోను, గృహస్థుల పుస్తకపు బీరువాలలోనికి చేరినది. ఇది యొక్కటియే కాదు. 1960, 70 దశాబ్దములలో జపానులో పుట్టిన సాహసిక శృంగారచిత్రములు అనేకము గడచిన పది పదునైదేండ్లుగా నెగటివులనుండి మరల ఎత్తబడి, దుమ్ము దులుపుకొని, అమెరికా, ఇంగ్లండు, ఫ్రాన్సు దేశముల సంస్థల మూలమున ఇంటి తెరలపైకి వచ్చుచున్నవి.

ఈ విషయమున రెండు విధములైన మాటలు వినవచ్చుచున్నవి. కళ పేరుచెప్పి కామమును అట్టపెట్టెలలో పెట్టి అమ్ముచున్నారని కొందరి యాక్షేపణ. స్వేచ్ఛకు కలిగిన విజయమిది యని కొందరి సంబరము. ఈ రెండింటిలోను కొంత నిజము లేకపోలేదు. కాని ఈ వాదులిరువురును అడుగని ప్రశ్న యొకటి యున్నది. చిత్రమును బాగుచేయుట యనగా దేనిని దేనికి తిరిగి యిచ్చుట?

తాళపత్రములతో పరిచయమున్న వారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. ఒక కావ్యమునకు నాలుగు ప్రతులు దొరకును. ఒకదానిలో పత్రములు లోపించును. ఒకదానిలో లేఖకుని హస్తదోషములు. ఒకదానిలో ఎవరో సంప్రదాయజ్ఞులు తమకు నచ్చని పద్యములను విడిచివేసియుందురు. పరిష్కర్త వానినన్నింటిని సరిచూచి, పాఠాంతరములను అడుగున చూపి, ఏ పద్యము ఏ ప్రతిలోనిదో చెప్పి, తాను దిద్దినది ఏదో దాచక వెల్లడించును. చలనచిత్రముల పునరుద్ధరణము సరిగా ఇట్టిదే. కెమెరాలో తిరిగిన మూల నెగటివు ఒకటి యుండును. దానినుండి తీసిన ప్రదర్శన ప్రతులు ఊరూర తిరిగి గీతలుపడి, ప్రాంతపు అధికారుల కత్తెరలకు లోబడి, రంగు వెలిసి మిగులును. నేడు నెగటివులోని ఒక్కొక్క చట్రమును నాలుగువేల బిందువుల వెడల్పున యంత్రము చదివి అంకెలలోనికి మార్చును. గీతలను, మరకలను తుడుచును. రంగులను పాత ప్రతులతో పోల్చి, ఛాయాగ్రాహకుడు బ్రతికియున్నచో ఆయనను అడిగి సరిదిద్దుదురు. ఇచ్చటనే పరిష్కర్త వివేకము కనబడవలసినది. మితిమీరి తుడిచినచో ఫిల్ములోని రేణువులు కూడ పోయి మనుష్యుల ముఖములు మైనపుబొమ్మల వలె నగును. ప్రాతబడిన చీకటిని వెలిగింపబోయినచో దర్శకుడు కోరి పెట్టిన చీకటియు తొలగిపోవును.

చీకటి మాట వచ్చినది గనుక మసుమురా యసుజో 1969లో డాయెయి సంస్థకు తీసిన ‘గుడ్డి మృగము’ను ఇచ్చట తలచుకొనవలెను. ఎడోగావా రంపో నవల దానికి మూలము. గ్రుడ్డివాడైన శిల్పి యొకడు ఒక చిత్రకారుల మోడలును అపహరించి గిడ్డంగిలో బంధించును. ఆ గిడ్డంగి గోడల నిండ మనుష్యుల కండ్లు, ముక్కులు, పెదవులు, చేతులు, కాళ్లు శిల్పములుగా మొలచియుండును. నడుమ పర్వతములవంటి రెండు స్త్రీమూర్తులు పరుండియుండును. చూపులేనివాడు స్పర్శచే కట్టుకొన్న లోకమది. రంగు వెలిసిన పాత వీడియో ప్రతిలో ఆ గోడ ఒక నల్లని మడుగు. అందు ఏమున్నదియు తెలియదు. 2021లో ఆరో సంస్థ వెలువరించిన బ్లూ-రేలో ఆ మొలచిన కండ్లన్నియు చీకటిలోనుండి ఒక్కొక్కటిగా తేలివచ్చును. అప్పుడు గాని దర్శకుని యూహ ప్రేక్షకునకు అందదు. చూపు చేయు పనిని చేయి చేసినచో ఏమగునను ప్రశ్న చీకటికిని వెలుగునకును నడుమ నిలిచియున్నది. ప్రతి బాగుండుట ఈ చిత్రమునకు అలంకారము కాదు, అర్థమునకే ఆధారము. రోములోని చలనచిత్ర విద్యాలయమున చదివివచ్చిన మసుమురా, జపాన్ చిత్రములలో వ్యక్తి తన కోరికను నోరెత్తి చెప్పకపోవుట లోపమని వాదించినవాడు. ఆయన పాత్రలు ఎలుగెత్తి చెప్పి, చెప్పినదానికై నశించును.

లోపించిన పత్రములను వేఱొక ప్రతినుండి తెచ్చి పూరించుటకు ఉత్తమమైన ఉదాహరణము యమమోటో ఎయిచి 1973లో తీసిన బొమ్మల చిత్రము ‘శోక బెల్లడోనా’. ఫ్రెంచి చరిత్రకారుడు మిషెలే మంత్రగత్తెలను గూర్చి వ్రాసిన గ్రంథము దీనికి ఆధారము. వివాహము నాటి రాత్రియే ప్రభువుచే చెరుపబడిన ఒక రైతుభార్య పిశాచముతో ఒడంబడిక చేసికొని, మందులెరిగిన మంత్రగత్తెయై, తుదకు మంటలపాలగును. ఫుకాయ్ కునీ వ్రాసిన నీటిరంగుల పటములపై కెమెరా మెల్లగా ప్రాకుచుండగా కథ నడచును. కదలెడి బొమ్మలకంటె కదలని పటములే ఎక్కువ. 1973లోనే బెర్లిను ఉత్సవమున ప్రదర్శింపబడినను ఈ చిత్రమునకు డబ్బు రాలేదు. దీనిని తీసిన ముషి ప్రొడక్షన్ ఆ యేడే దివాలా తీసినది. మరికొంత కాలమునకు చిత్రమును మరల విడుదల చేయదలచి, నగ్నములైన ఘట్టములను నెగటివునుండియే కత్తిరించిరి. ప్రతిని కత్తిరించినచో మరియొక ప్రతి తీయవచ్చును. నెగటివునే కోసినచో కావ్యమున ఆ పద్యములు కవి యింటనే కాలిపోయినట్లు. సుమారు నాలుగు దశాబ్దములు చిత్రము అట్లు వికలాంగముగ పడియుండెను. 2015, 16 నాటికి అమెరికాలోని సినెలిషస్ అను సంస్థవారు నెగటివును 4కె యంత్రమున చదివించి, లోపించిన ఎనిమిది నిమిషములకు పైబడిన భాగమును బెల్జియం దేశపు చిత్రభాండారములోని ప్రతినుండి తెచ్చి అతికిరి.

తెలుగువారికి ఇట్టిది తమ యింటనే జరిగియున్నది. తంజావూరు ప్రతాపసింహ మహారాజు కాలమున ముద్దుపళని రచించిన ‘రాధికాసాంత్వనము’ పందొమ్మిదవ శతాబ్దమున అచ్చుపడినప్పుడు కొన్ని పద్యములును, కవయిత్రి తన వంశమును చెప్పుకొన్న భాగమును లోపించినవి. బెంగుళూరు నాగరత్నమ్మ వ్రాతప్రతిని సంపాదించి, సరిచూచి, 1910లో ఆ గ్రంథమును సమగ్రముగ వెలువరించెను. ప్రభుత్వము అశ్లీలమని దానిపై చర్య గైకొనెను. పురుషకవుల ప్రబంధములలో ఇంతకు మించిన శృంగారము నిరాక్షేపముగ పాఠ్యగ్రంథములందు సాగుచుండగా, ఒక స్త్రీ వ్రాసినది మాత్రము ఎట్లు దోషమగునని నాగరత్నమ్మ వేసిన ప్రశ్నకు ఆనాటి పండితులు సరియైన సమాధానము చెప్పలేదు. టంగుటూరి ప్రకాశము ప్రధానిగా నున్న మద్రాసు ప్రభుత్వము నిషేధమును తొలగింపగా 1952లో వావిళ్లవారు దానిని పునర్ముద్రించిరి. పోయిన పద్యములను తిరిగి యిచ్చుట ఒక యెత్తు; పోయిన కవయిత్రి పేరును, కులమును, గౌరవమును తిరిగి యిచ్చుట మరియొక యెత్తు. నాగరత్నమ్మ రెండును చేసెను. జపాన్ చిత్రముల డిస్కులను కొలువదగిన కొలత యిదియే.

ఆ కొలతకు తెచ్చుటకు ముందు ఆ చిత్రముల పుట్టుపూర్వోత్తరములు కొంత తెలియవలెను. 1950 దశాబ్దాంతమున జపాను గృహములలోనికి టెలివిజను ప్రవేశించినది. చిత్రశాలలు ఖాళీ కాజొచ్చినవి. 1960 తరువాత చిన్న చిన్న నిర్మాతలు కొద్ది పెట్టుబడితో శృంగారచిత్రములను తీసి చిన్న ఊళ్ల హాళ్లకు పంపసాగిరి. వానికి గులాబిచిత్రములు, పింకు చిత్రములు అని పేరు. ఒక్కొక్కదానికి వ్యయము ముప్పది లక్షల యెన్నులు మాత్రమే. రంగు ఫిల్ము ఖరీదగుటచే చిత్రమంతయు నలుపు తెలుపులలో నడచి, కోరిక రగిలిన ఘట్టమున హఠాత్తుగ రంగులలోనికి మారును. బీదరికమునుండి పుట్టిన ఈ పద్ధతిని మంచి దర్శకులు అలంకారముగ మార్చుకొనిరి. వకమత్సు కోజి 1969లో తీసిన ‘పో, పో, రెండవమారు కన్య’ యందు ఇంటి మిద్దెపై నలుపు తెలుపులలో సాగు వేదనలోనికి రంగు రక్తమువలె చొచ్చును. ఈ మార్పును పొరపాటని తలచి సరిదిద్దెడి పరిష్కర్త లేకుండుట అదృష్టము.

1964లో నాటకరంగమునుండి వచ్చిన తకెచి తెత్సుజి ‘పగటికల’ తీసెను. మరునాటి యేడు ఆయనయే తీసిన ‘నల్లమంచు’ యుద్ధానంతర జపానులో అశ్లీలతా నేరముపై న్యాయస్థానమునకు ఎక్కిన చిత్రము. అందులో అమెరికా వైమానికస్థావరము ప్రక్కన ఒక వేశ్యాగృహముండును. నగ్నముగ పరుగెత్తుచున్న స్త్రీ నెత్తిపై విమానములు ఘోషించును. తన దేశము పరుల సైన్యమునకు లోబడియున్నదని చెప్పుటకే ఆ రూపకమని తకెచి వాదించెను. న్యాయస్థానము ఆయనను నిర్దోషిగ ప్రకటించెను. ఆ 1965లోనే వకమత్సు తీసిన ‘గోడల నడిమి గుట్టు’ బెర్లిను ఉత్సవమునకు జపాన్ చిత్రనిర్మాతల సంఘము ఇష్టమునకు విరుద్ధముగ ఎన్నికయై దేశమునకే అవమానమని నింద మోసినది. సర్కారు కట్టించిన అపార్టుమెంటు గదులలో ఊపిరాడని గృహిణుల కథ అది. ఆయన ఉద్యోగమును వీడి, స్వంత సంస్థను స్థాపించి, పోలీసు లాఠీలను, విఫలమైన విద్యార్థి విప్లవమును, పడకగదిని ఒకే చట్రములోనికి తెచ్చుచు చిత్రములను తీసెను. ‘ఆయ్ నో కొరీడా’కు జపానులో నిర్వాహకుడును ఆయనయే.

ఈ చిత్రములలోని దేహము ఎల్లప్పుడును చరిత్రకు ప్రక్కన నిలుచును. అబే సదా తన ప్రియుని చంపి పట్టుబడినది 1936 మే నెలలో. అంతకు మూడు మాసములు ముందు, ఫిబ్రవరి 26న, యువసైనికాధికారులు టోక్యోలో తిరుగుబాటు చేసి మంత్రులను హత్యగావించిరి. దేశము యుద్ధమువైపు నడచుచున్న ఆ దినములలో ఓషిమా చిత్రమున ప్రియుడు వీథిలో ఎదురుగ కవాతు చేసికొనుచు వచ్చు సైనికులను తప్పించుకొని గోడవారగ, వారికి వ్యతిరిక్త దిశలో, తల వంచి నడచిపోవును. ఒక్క క్షణపు దృశ్యము. కాని చిత్రమంతయు దానిపై ఆధారపడియున్నది. ఆ దృశ్యము ఎందుకున్నదో తెలియని ప్రేక్షకునికి చిత్రమున మిగులునది పడక మాత్రమే. డిస్కుతో వచ్చు చిన్న పుస్తకముల అవసరము ఇచ్చటనే తెలియును.

1971లో పెద్ద సంస్థలకే తిండి కరవైనది. డాయెయి దివాలా తీసినది. 1912లో స్థాపింపబడిన నిక్కత్సు మూతపడకుండుటకై శృంగారచిత్రములనే తీయ నిశ్చయించి, ఆ నవంబరులో ‘అపార్టుమెంటు భార్య: అపరాహ్ణపు వ్యవహారము’తో ‘రోమన్ పోర్నో’ అను శ్రేణిని ప్రారంభించెను. 1988 వరకు సుమారు 1,100 చిత్రములు వచ్చినవి. గంటకు పైబడిన నిడివి, నిర్ణీతమైన కాలమునకు ఒక శృంగారఘట్టము - ఇంతే నియమము. మిగిలినది దర్శకుని ఇష్టము. కుమషిరో తత్సుమి, తనాకా నోబోరు, కొనుమా మసారువంటి వారు ఆ ఇరుకులోనే చోటు చేసికొనిరి. ఛందస్సు బిగువున కవికి ఊపిరి దొరకుట వంటిదే యిది. అయితే వేయి పద్యములలో వంద మంచివగుటయు కష్టమే. రోమన్ పోర్నోలో చెత్త విశేషముగ నున్నదని చెప్పక తప్పదు.

పరిష్కర్తకు ఇచ్చట వింత చిక్కు. జపానులో తీసిన చిత్రములలో కనబడరానిది మొదటినుండియే కనబడదు. నటులు దేహమునకు అతుకులు అంటించుకొని నటించిరి. కెమెరాకు అడ్డముగ పూలకుండీయో, దీపస్తంభమో, సీసాయో వచ్చి నిలుచును. కనుక ఇవి ‘సంపూర్ణ ప్రతి’ యని అట్టపై వ్రాసినను దాచినది బయటపడదు. దాచుటయే వీని వ్యాకరణము. కుమషిరో కొన్ని చిత్రములలో ఈ మూతలను కోరి పెద్దవి చేసి, కారునలుపు పెంకులను తెరపై నిలిపి, నియంత్రణకర్తలను వెక్కిరించెను. ఆ నలుపు ఆయన పరిహాసము. దానిని కత్తెర గాయమని తలచి తుడుచుట ద్రోహము. కవి చేసిన లోపమును లేఖకుని లోపముతో కలిపివేయుట వంటిది.

ఈ చిత్రములపై నడచిన అభియోగముల కథ డిస్కుల వెనుక అట్టలపై గొప్పగ అచ్చువేయబడుచున్నది. 1972 జనవరిలో పోలీసులు నిక్కత్సుపై దాడిచేసి, దర్శకులనే గాక చిత్రములను అనుమతించిన ఎయిరిన్ సంఘపు పరిశీలకులను సైతము నేరస్థుల బోనులో నిలిపిరి. 1978లో క్రింది న్యాయస్థానము, 1980లో పై న్యాయస్థానము వారిని నిర్దోషులని తేల్చినవి. ఓషిమాపై అభియోగము చిత్రమునకు కాక, ఆ చిత్రపు స్క్రిప్టును, ఛాయాచిత్రములను అచ్చువేసిన పుస్తకమునకు సంబంధించినది. బయటపెట్టినదానియందు అశ్లీలము లేదు, దాచుటయందే అది పుట్టునని ఆయన న్యాయస్థానమున వాదించెను. 1979లోను, 1982లోను తీర్పులు ఆయనకు అనుకూలముగ వచ్చినవి. ఇవన్నియు మగవారి విజయములు.

అట్టపై అచ్చుపడని మరియొక తీర్పున్నది. 1972లో కుమషిరో తీసిన ‘ఇచిజో సయూరి: తడిసిన కోరిక’ యందు ఇచిజో సయూరి అను ప్రఖ్యాత నగ్ననర్తకి తన పాత్రను తానే ధరించెను. చిత్రమునకు విమర్శకుల మన్నన దొరకినది. ఆ యేడే ఓసాకాలో తన కడపటి ప్రదర్శన యిచ్చుచుండగా పోలీసులు ఆమెను బహిరంగ అశ్లీలతా నేరముపై నిర్బంధించిరి. నర్తకికి శిక్ష ఖాయమైనది; ఆమె చెరసాలకు పోయెను. తెరపై ఆమె దేహమును చూపినవారు నిర్దోషులు, వేదికపై అదే దేహమును చూపిన యామె దోషి. చిత్రము కళ యగుటచే రక్షణ దొరకినది, నాట్యము వృత్తి యగుటచే దొరకలేదు. ఓసాకాలో దినకూలీలు నివసించు కామగసాకి పేటలో ఆమె కడపటి యేండ్లు గడచి, 1997లో కన్ను మూసెను. ఈ వృత్తాంతము లేని డిస్కు, చట్రములన్నియు మెరిసిపోవుచున్నను, ఖండిత ప్రతియే.

మత్సుదా ఎయికో విషయమును ఇట్టిదే. తెరయమా షూజి నాటకబృందమునుండి వచ్చిన ఆ యువతి ‘ఆయ్ నో కొరీడా’లో అబే సదా పాత్రను ధరించెను. ఆమెకు ఎదురుగ నటించిన ఫుజి తత్సుయా రెండేండ్లకే ఓషిమా తరువాతి చిత్రమున నాయకుడయ్యెను. 2023లో సాన్ సెబాస్టియన్ ఉత్సవమున ఉత్తమ నటనకు బహుమతి నందుకొనెను. ఆమెకు స్వదేశమున దక్కినది అవమానము. పిమ్మట ఐరోపాకు పోయి కొద్ది చిత్రములలో నటించి తెరమరుగయ్యెను. 2011లో ఆమె మరణించిన వార్త జపానులో వెల్లడియగుటకు ఏండ్లు పట్టినది. ఒకే పడక, ఒకే కెమెరా, ఒకే దర్శకుడు. ఇద్దరి బ్రతుకులు రెండు తెన్నుల పోయినవి. చిత్రములోని సాహసము ఎవరిదని అడిగినచో ఓషిమా పేరు వెంటనే నోటికి వచ్చును. వెల ఎవరు చెల్లించిరని అడిగినచో మత్సుదా పేరు చెప్పవలెను.

ఈ చిత్రములలో మరియొక బాధ యున్నది. దానిని కప్పిపుచ్చుట గౌరవము కాదు. రోమన్ పోర్నోలోను, గులాబిచిత్రములలోను బలాత్కారము మరల మరల వచ్చును. అనేకములలో బాధితురాలు తుదకు ఆనందము పొందినట్లు చూపుదురు. ఇది సాహసము కాదు, సాహసమను పేరుతో సాగిన ప్రాత అబద్ధము. వకమత్సువంటివారి చిత్రములలో బలాత్కారము రాజ్యహింసకు ప్రతిబింబమను వాదము కొన్నిచోట్ల నిలుచును, కొన్నిచోట్ల నిలువదు. 1967లో ఆయన తీసిన ‘చెరుపబడిన దేవతలు’ అమెరికాలో అంతకు ముందటి యేడు జరిగిన నర్సుల హత్యలను చూచి తీసినది. అందలి క్రౌర్యమును రూపకమని చెప్పి పూర్తిగ సమర్థించుట కష్టము. ‘ఉల్లంఘనము’ అను మాటను అట్టలపై పెద్దక్షరములలో వేసి అమ్మువారు ఏ హద్దును, ఎవరి మీదుగ దాటిరో చెప్పవలసియున్నది. రాజ్యము గీసిన గీతను దాటుట వేఱు. లొంగియున్న ఆడుదాని దేహమును దాటుట వేఱు. అయినను ఇందుకు మందు మరల కత్తిరించుట కాదు. కత్తిరించినచో సాక్ష్యము పోవును. ఆనాటి సమాజము ఏది చూచి చప్పట్లు కొట్టినదో తెలియుటకైనను ఆ చట్రములు ఉండవలెను. వానిని నిలుపుచు, ప్రక్కన స్త్రీల విమర్శను, నటీమణుల మాటలను అచ్చువేయుట సరియైన పద్ధతి. కొందరు ప్రచురణకర్తలు ఇట్లు చేయుచున్నారు. మరికొందరికి నగ్నమైన అట్టబొమ్మయే వ్యాఖ్యానము.

ఇక చట్టము మాట. అశ్లీలమును గూర్చి న్యాయస్థానములు కొంతకాలము తూర్పున ఒక తీరుగనే నడచినవి. లారెన్సు వ్రాసిన ‘లేడీ చాటర్లీ ప్రియుడు’ అనువాదకుని, ప్రకాశకుని శిక్షించుట సబబేనని జపాన్ సర్వోన్నత న్యాయస్థానము 1957లో తీర్పు చెప్పెను. ఆ నవలనే అమ్మిన విక్రేత శిక్షను భారత సర్వోన్నత న్యాయస్థానము 1964లో నిలిపెను. నడుమ 1960లో ఇంగ్లండు జ్యూరీ దానిని నిర్దోషమనెను. జపానులో 175వ విభాగము నేటికిని అమలునందున్నది. 2000లో ‘ఆయ్ నో కొరీడా’ను స్వదేశమున మరల విడుదల చేసినప్పుడు మునుపటి కోతలు తగ్గినను మసకపూత తప్పలేదు. ఇంగ్లండులో చలనచిత్ర వర్గీకరణ సంస్థ 2011లో దానిని కోతలేకుండ అనుమతించినది. పారిసులోను, లండనులోను, న్యూయార్కులోను దొరకెడి సమగ్ర పాఠము, కథ జరిగిన టోక్యో నగరపు అంగడిలో చట్టబద్ధముగ దొరకదు. ఒక జాతి తన కావ్యమును పరాయి గ్రంథాలయమున చదువుకొనవలసిన స్థితి యిది.

డిస్కులకు ఈ చిత్రములన్నియు రాజాలవు. నిక్కత్సు నిలిచియున్న సంస్థ గనుక దాని నెగటివులు కొంత భద్రముగ నున్నవి. చిన్న నిర్మాతలు కొలది ప్రతులు తీసి, అవి అరిగిన పిమ్మట పారవేసిరి. గులాబిచిత్రములలో మొదటిదని పలువురు చెప్పెడి కోబయాషి సతోరు ‘దేహముల బజారు’ 1962లో వచ్చినది. అందులో నేడు మిగిలినది ఇరువది నిమిషములకు కొంచెము పైబడిన భాగము. మంచివని ప్రశంసింపబడినవియు, చెడ్డవని తిట్టబడినవియు ఒకేమాదిరి పోయినవి. ఎసిటేటు ఫిల్ము వేడిలో, తేమలో నిలువయున్నచో పులిసి, పులుసువాసన కొట్టుచు, ముడుచుకొనిపోవును. అట్లు ముడుచుకొన్న చుట్టను ఏ యంత్రమును చదువలేదు.

కనుక ప్రచురణకర్తలు రెండు పనులు చేయవలసియున్నది. ప్రతి డిస్కుతోను ఏ చట్రము ఏ ప్రతినుండి తెచ్చినదో, ఏది ఎవరి ఆజ్ఞచే ఎప్పుడు పోయినదో, రంగును ఎవరి సలహాపై దిద్దిరో తేటగ అచ్చువేయవలెను. ‘బెల్లడోనా’ విషయమున ఈ వివరము వెల్లడియైనందుననే ఆ ఎనిమిది నిమిషముల విలువ తెలిసినది. రెండవది ఇంకను తొందరైనది. ఓషిమా 2013లో, వకమత్సు 2012లో కాలధర్మము చెందిరి; వారి మాటలు గ్రంథములలోను, సంభాషణలలోను విస్తారముగ నిలిచినవి. ఆ చిత్రములలో నటించిన స్త్రీలు నేడు డెబ్బది, ఎనుబదియేండ్ల ప్రాయమున నున్నారు. కాంట్రాక్టుపై సంతకము చేసిన నాడు వారికి ఏమి చెప్పిరో, ఏమి చెప్పలేదో, అతుకులు అంటించుకొని కెమెరా ముందు నిలిచిన దినమున గదిలో ఎందరుండిరో, ఆ తరువాత ఇంటివారితోను వీథితోను వారు ఎట్లు నెగ్గుకొనివచ్చిరో అడిగి వ్రాసికొనుటకు మిగిలిన కాలము కొద్దిది. నెగటివును చదువు యంత్రమునకు పెట్టెడి వ్యయములో చిన్న భాగము చాలును. ఒక శబ్దగ్రాహక యంత్రమును, వినుటకు ఓపికగల ఒక స్త్రీయును వారి యింటికి పోవలెను.